బాక్సులెన్ని అని అడగడం మానేద్దాం

విజయనగరం పక్కన ఒక ఊళ్లో అమ్మవారి పండక్కి బ్యాండు ప్రోగ్రాం మాట్లాడుకుంటున్నారు. వైజాగ్ కుర్రాళ్ల బ్యాండు. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, కీబోర్డు, పాడేవాళ్లు నలుగురు. రేటు తేలింది, రూములు తేలాయి, భోజనాల్లో శాకాహారులెందరో కూడా తేలింది. సౌండు విషయానికొచ్చేసరికి కమిటీ పెద్దాయన అడిగింది ఒక్కటే మాట: "బాక్సులెన్ని ఎడతారు బాబూ? పక్కూరోళ్లు ముప్పై ఎట్టినారు. మనకి నలభైకి తగ్గకూడదు."

స్టేజీ ఎన్నింటికి ఖాళీ చేసి ఇస్తారన్నది ఎవరూ ఎత్తలేదు. కరెంటు ఎక్కణ్ణించి లాగుతారన్నదీ ఎత్తలేదు. పలాస నుంచి ఎస్.కోట దాకా పండగ ప్రోగ్రాముల బేరాలు చాలావరకు ఇలాగే సాగుతాయి. సౌండు బాగోకపోతే మర్నాడు వచ్చే మాట కూడా ఇదే: "బాక్సులు సరిపోలేదు." నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఉల్టా. మన దగ్గర పాడైన ప్రోగ్రాముల్లో బాక్సులు తక్కువై పాడైనవి అరుదు. తక్కువయ్యేది సౌండ్ చెక్‌కి, అంటే ప్రోగ్రాంకి ముందు మైకులూ స్పీకర్లూ సరిచూసుకోవడానికి, దొరికే టైము. డబ్బంతా బాక్సుల మీద పోసి, ఖర్చులేని ఆ రెండు గంటల్ని మాత్రం గీచి గీచి ఇస్తాం.

ముప్పైకి పది కలిపితే

ముప్పై బాక్సులకు పది కలిపితే మోత మూడో వంతు పెరగాలి కదా అనిపిస్తుంది. చెవి లెక్క అలా ఉండదు. మోతను డెసిబెల్ లెక్కన కొలుస్తారు. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్. వినేవాడికి "అబ్బో, మోత రెట్టింపైంది" అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్ పెరగాలి, అంటే పవరు పది రెట్లు. ముప్పై నుంచి నలభైకి వెళ్తే వచ్చేది 1.25 డెసిబెల్. అన్ని బాక్సులూ ఒక్క గొంతుతో కలిసి పలికితే రెండున్నర దాకా రావచ్చు. మిక్సరు మీద మోత పెంచే మీట, ఫేడరు, కాస్త పైకి తోస్తే వచ్చే తేడా అది. దానికోసం ఇంకో బండి, ఇంకో నలుగురు కూలీలు.

పైగా అవి ఒక్క గొంతుతో పలకవు. బాక్సుల్ని స్టేజీకి రెండు పక్కలా గోడలా పేర్చి, అన్నింటినీ జనం వైపు తిన్నగా తిప్పి పెడితే ఫొటోకి బావుంటుంది. 1000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు వెయ్యి సార్లు కంపించే స్వరం దగ్గర, శబ్దం అల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. పక్కపక్క బాక్సుల్లో ఒకటి మీ చెవికి 17 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే, ఆ స్వరం దగ్గర రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒక అడుగు పక్కకు జరిగితే ఇంకో స్వరం పోతుంది. కుర్చీలో కూర్చున్నవాడికి గాయని గొంతు బిందెలోంచి వస్తున్నట్టుంటుంది, లేచి నిలబడితే ముక్కుతో పాడుతున్నట్టుంటుంది. ఇంకో పది బాక్సులు తెచ్చినంత మాత్రాన ఇది తగ్గదు. బాక్సుల్ని విసనకర్రలా కోణం పెట్టి విప్పితే, ఒక్కోటి ఒక్కో ముక్క జనాన్ని చూసేలా చేస్తే తగ్గుతుంది. ఆ విప్పడానికి కావాల్సింది అరగంట.

కిందిస్వరాలు పలికే పెద్ద బాక్సులు, బేస్ బిన్నులదీ ఇదే కథ. ఎడమ సగం, కుడి సగం పెడితే మైదానం మధ్య గీతలో నిలబడ్డవాడికి గుండె అదురుతుంది, పదడుగులు పక్కకెళ్తే బేస్ మాయం. స్టేజీ ముందు మధ్యలో ఒకే వరసలో పెడితే అందరికీ దాదాపు సమానంగా అందుతుంది. కానీ నాయకులు కిందకు దిగడానికి మధ్యలో మెట్లు కావాలంటారు. ఆ పేచీలో మెట్లే గెలుస్తాయి.

దూరం సంగతి చూస్తే బాక్సుల వాదం ఇంకా పలచబడుతుంది. పది మీటర్ల దగ్గరున్న మోత ఇరవై మీటర్లకు 6 డెసిబెల్ పడిపోతుంది, నలభైకి ఇంకో 6. వెనకవాళ్లకు వినిపించాలని ముందు పెంచితే మొదటి వరస పిల్లలు చెవులు మూసుకుంటారు. అదే ఆ నలభై బాక్సుల్లో ఎనిమిది తీసి మైదానం మధ్యలో, స్టేజీకి 35 మీటర్ల దగ్గర రెండు కట్టలుగా పెట్టండి. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది, అంటే స్టేజీ మోత అక్కడికి చేరడానికి 100 మిల్లీ సెకన్లు. మధ్య బాక్సులకు ఆ 100, దానిపైన ఇంకో 10-15 కలిపి ఆలస్యం పెడితే, మోత మధ్య బాక్సుల్లోంచి వస్తున్నా పాట స్టేజీ మీంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుంది. ఆలస్యం పెట్టకుండా వదిలేస్తే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. యాంకరు "నమస్కారం" అంటే "నమస్కారమ్మస్కారం" అని.

బాక్సుల గోడ అన్న మాటకు రాక్ చరిత్రలో అసలు సిసలు ఉదాహరణ అమెరికా బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ 1974లో తిప్పినది. దాదాపు 600 స్పీకర్లు, 75 టన్నుల సరంజామా. మనవాళ్లు వింటే వెంటనే అడ్వాన్సు ఇచ్చేస్తారు. కానీ వాళ్ల ఆలోచన మోత కాదు, స్పష్టత. ఒక్కో వాద్యానికి ఒక్కో స్పీకర్ల స్తంభం, ఒక స్తంభంలోంచి ఇంకో వాద్యం రాదు. స్పీకర్లు బ్యాండు వెనకే ఉంటే వాటి మోత మళ్లీ మైకులో పడి కూయాలి కదా? అందుకే ఒక్కో గాయకుడికి రెండు మైకులు, ఒకదానికొకటి ఉల్టా కలిపి. రెండింట్లోనూ సమానంగా పడే వెనక మోత కొట్టుకుపోతుంది, ఒకదానికి పెదాలానించి పాడిన గొంతు మాత్రం మిగులుతుంది. దాన్ని నిలబెట్టడానికి ఎంత టైము పట్టేదంటే రెండు స్టేజీలు పెట్టుకుని, ఒకదాని మీద వాయిస్తుండగా రెండోది తర్వాతి ఊళ్లో కట్టేవారు. ఖర్చు భరించలేక ఆ ఏడే అటకెక్కించారు. అంటే 600 పెట్టినవాళ్లు కూడా మొదట కొనుక్కున్నది టైమే.

కరెంటు దగ్గర తొందర పనికిరాదు

టైము లేనప్పుడు మొదట కోత పడేది కరెంటు పరీక్ష మీద. అది బయటికి కనబడదు కాబట్టి ఎవరూ అడగరు.

జనరేటర్ వచ్చిందనుకుందాం. 62.5 కేవీఏ, మూడు ఫేజులు. ఫేజుకు ఫేజుకు మధ్య 415 వోల్టులు, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 240 దరిదాపుల్లో ఉండాలి. ఇప్పుడు న్యూట్రల్ లగ్గు, అంటే ఆ తీగ కొనను బిగించే లోహపు ముక్క, వదులుగా ఉందనుకోండి. మిషను స్టార్టు చేసినప్పుడు అంతా బాగానే కనబడుతుంది. లోడు పడి, తీగ వేడెక్కి, ఆ కనెక్షన్ తెగిందా, ఫేజుల మధ్య వోల్టేజీ లోడును బట్టి ఇష్టమొచ్చినట్టు పంచుకుంటుంది. లైట్లు ఎక్కువున్న ఫేజు మీద దీపాలు గుడ్డివవుతాయి, తేలిగ్గా ఉన్న ఫేజు మీద 300 దాటి, 400 దాకా కూడా పోతుంది. ఆ తేలిక ఫేజు మీద ఉండేది సాధారణంగా మిక్సరు, కీబోర్డు, గిటార్ పెడళ్లు. మూడు సెకన్లు చాలు. పొగ వాసన వచ్చాక మెయిన్ కట్టేసి చేసేదేం లేదు.

అందుకని పద్ధతి ఇది. న్యూట్రల్‌ని మొదట బిగించాలి, చివర విప్పాలి. బ్యాండు సామాను ఒక్కటీ గుచ్చకముందు మల్టీమీటరుతో మూడు ఫేజులూ న్యూట్రల్‌తో చూడాలి, మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి. తర్వాత న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య చూడాలి. రెండు మూడు వోల్టులైతే సరే, ఇరవై ముప్పై చూపిస్తే ఎక్కడో తేడా ఉంది, వెతకాలి. ఆ తర్వాత లోడుగా హాలోజన్లు వెలిగించి పది నిమిషాలుంచి మళ్లీ చూడాలి. ఈ రెండోసారి చూడడమే అసలు పని. లగ్గు వదులుంటే లోడు మీదే బయటపడుతుంది. మొత్తం ఇరవై నిమిషాలు.

సౌండుకీ లైట్లకీ వేర్వేరు జనరేటర్లుంటే మంచిది. ఒక్కటే అయితే కనీసం ఫేజులు విడదీయాలి. తీగ పొడవు కూడా లెక్కే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 100 మీటర్లు లాగి 20 ఆంపియర్లు తీస్తే దారిలోనే 30 వోల్టులు పోతాయి. బేస్ కొట్టిన ప్రతిసారీ యాంప్లిఫయర్ రక్షణలోకి వెళ్లి మూగబోతుంటే "యాంపు పాతది" అని తిడతారు గానీ ఆ సన్న తీగ వంక ఎవరూ చూడరు.

ఇక ఎర్తు. కళింగపట్నం, బారువ వైపు తీరంలో నేల ఇసుక. పైన తడిసినా గంటలో నీరు కిందకు జారిపోతుంది. ఒక కడ్డీ దిగ్గొట్టి చెంబుడు నీళ్లు పోసి ఎర్తు అయిందనుకుంటే కాదు. కడ్డీ తడి తగిలేదాకా లోతుకు వెళ్లాలి. ఒకటి చాలకపోతే కడ్డీ పొడవంత ఎడం ఇచ్చి ఇంకోటి దింపి రెండూ కలపాలి. ప్రోగ్రాం మధ్యలో మళ్లీ నీళ్లు పోసే మనిషి ఒకడుండాలి.

ఇదంతా దేనికంటే, గాయకుడి చేతిలో గిటార్ తీగలుంటాయి, పెదాలకు మైకు జాలీ తగులుతుంది. గిటార్ ఒక ఎర్తు మీద, మిక్సరు ఇంకో ఎర్తు మీద ఉంటే మధ్యలో ఉన్న తీగ ఆ మనిషే. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్లీ హార్వే స్టేజీ మీదే చనిపోయాడు, ఎర్తు లేని మైకు పట్టుకుని. అంతకు ముందు 1965లో అమెరికాలోని శాక్రమెంటోలో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గిటార్ మైకు స్టాండుకు తగిలి పడిపోయి బతికి బయటపడ్డాడు. మల్టీమీటరు ఒక కొన గిటార్ తీగకు, ఇంకో కొన మైకు జాలీకి పెడితే సున్నా వోల్టుల దగ్గర చూపించాలి. ఇది పది సెకన్ల పని. స్పీకర్లలో హమ్ అనే గుయ్‌మనే మోత వస్తోందని త్రీపిన్ ప్లగ్గు నుంచి ఎర్తు పిన్ను పీకేసే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. హమ్ పోతుంది నిజమే. దాని బదులు వాద్యాన్ని మిక్సరుకు కలిపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది, అది ఎత్తాలి. మెయిన్ ఎర్తు జోలికి పోకూడదు.

కూత పుట్టించి, పట్టుకుని

సౌండ్ చెక్ అంటే "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అనుకునేవాళ్లకు ఒక్క ముక్క దగ్గరగా చూపిస్తాను. గాయని ముందు నేల మీద ఉండే మానిటరు, అంటే తన గొంతు తనకు వినిపించే స్పీకరు.

మైకు ఎస్.ఎం.58 రకమైతే, అంటే స్టేజీ మీద మామూలుగా కనిపించే చేతి మైకైతే, అది సరిగ్గా వెనక వైపు చెవిటిది. అందుకని మానిటరు మైకు వీపుకు ఎదురుగా ఉండాలి. ఇంకాస్త ఇరుకుగా వినే సూపర్ కార్డియాయిడ్ రకం మైకైతే దాని చెవిటి చోటు వెనక కాస్త పక్కలకు ఉంటుంది, అప్పుడు మానిటర్లు రెండు పక్కలకు జరగాలి. ఈ తేడా తెలియక మైకు మార్చి మానిటరు మార్చకపోతే కూత ఖాయం. ఇప్పుడు ఛానల్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేసి, స్టేజీ చెక్కల ధడధడ లోపలికి రాకుండా చేస్తారు. మానిటరు వాల్యూము మెల్లగా పెంచుతారు. ఒకచోట సన్నగా "ఊఁ" అని మొదలవుతుంది. చెవి పట్టిన మనిషి "రెండున్నర వేలు" అంటాడు, ఒక్కో స్వరం మోతను విడిగా తగ్గించే 31 బ్యాండ్ల ఈక్వలైజర్‌లో ఆ మీటను 3 డెసిబెల్ దించుతాడు. మళ్లీ పెంచుతారు. ఈసారి "ఉయ్" అని ఇంకోచోట. దించుతారు. నాలుగోసారో ఐదోసారో రెండు మూడు చోట్ల ఒకేసారి కూత మొదలవుతుంది. అక్కడితో ఆపాలి. ఆ పైన కోస్తే గొంతు చచ్చిపోతుంది. చివరగా ఒకరు వెళ్లి మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటారు, ఎందుకంటే కుర్ర గాయకులు అలాగే పట్టుకుంటారు. మూసిన మైకు అన్ని వైపులా వింటుంది. అప్పటికీ కూయకపోతే పని అయినట్టు.

ఒక్క మానిటరుకు ఇది పది నిమిషాలు. నలుగురు పాడేవాళ్లకు లెక్కేసుకోండి. దీనికి ముందు 17 ఛానళ్లకు లైను చెక్: డ్రమ్స్‌లో కిక్, స్నేర్, హైహ్యాట్, మూడు టామ్‌లు, వాటి పైన వేలాడే మైకులు రెండు, ఆపైన బేస్, గిటార్లు రెండు, కీబోర్డు ఎడమ కుడి, గొంతులు నాలుగు. ఒకడు స్టేజీ మీద ఒక్కో మైకూ గీకుతుంటే ఇంకొకడు మిక్సర్ దగ్గర దీపం వెలిగిందో లేదో చూస్తాడు. తర్వాత డ్రమ్స్ ఒక్కొక్కటిగా, తర్వాత అందరూ కలిసి ఒకటిన్నర పాట. అన్నీ కలిపి రెండు, రెండున్నర గంటలు. మన ఊళ్లలో దొరికేది ఇరవై నిమిషాలు, అందులోనూ మధ్యలో ఒకాయన మైకు అందుకుని చందాలిచ్చినవారి పేర్లు చదువుతాడు. ఆయన్ని ఆపడం ఎవరి తరం కాదు. ఇచ్చినవాడు తన పేరు వినడానికే అక్కడ నిలబడి ఉంటాడు.

ఇరవై నిమిషాలే ఉంటే ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. కరెంటు పరీక్ష వదలొద్దు. లైను చెక్ వదలొద్దు. ప్రధాన గొంతుకున్న ఒక్క మానిటరు చేయండి. డ్రమ్స్‌లో కిక్, పైన రెండు మైకులు ఉంచి మిగతావి మూసేయండి. మొదటి పాటకు గిటార్లు తగ్గించి మొదలుపెట్టండి. ఇది గట్టెక్కడం మాత్రమే.

అవతలి పక్షం

కమిటీల వైపు న్యాయం లేదనను. పందిరి వేసేవాళ్లు మూడింటికి రావాల్సింది ఆరింటికి వస్తారు. స్టేజీ మీద సాయంత్రం పిల్లల డాన్సులుంటాయి, సన్మానాలుంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదింటికి మైకు ఆగాలి. పండగలకని ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలించవచ్చు గానీ, అది ప్రతి ఊరికీ దొరికేది కాదు. వెనక గోడ పది గంటల దగ్గర ఉంటే, ముందు నుంచి వచ్చే ఆలస్యాలన్నీ సౌండ్ చెక్ నెత్తినే పడతాయి. పైగా చందాలిచ్చిన జనానికి బాక్సులు కళ్లకు కనబడతాయి, 2500 హెర్ట్జ్ దగ్గర దించిన మీట కనబడదు. లెక్కలు చెప్పాల్సిన కమిటీ కనబడేదాన్నే కొంటుంది. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది.

ఇంకో అభ్యంతరం నన్ను నిజంగానే ఆలోచనలో పడేస్తుంది. నాలుగింటికి ఖాళీ మైదానంలో చేసిన చెక్ రాత్రి తొమ్మిదింటికి దేనికి పనికొస్తుంది? ఎండకు కాలిన నేల మీద గాలి వేడెక్కి శబ్దాన్ని పైకి వంచుతుంది, వెనక వరసకు అందదు. రాత్రి నేల చల్లబడ్డాక శబ్దం కిందికి వంగుతుంది, అదే మోత కిలోమీటరు అవతల ఊరికీ వినిపిస్తుంది. జనం నిండితే పైస్వరాలు ఒంట్లూ బట్టలూ తాగేస్తాయి. శ్రీకాకుళం బాపూజీ కళామందిరం లాంటి హాల్లోనైతే మొదట ఖాళీ గోడల ప్రతిధ్వని విని ఎకో మొత్తం తీసేస్తారు, జనం కూర్చున్నాక పాట ఎండిపోయినట్టు ఉంటుంది. కాబట్టి సాయంత్రం పెట్టిన ఈక్వలైజేషన్‌లో సగం రాత్రికి మార్చాల్సిందే. ఒప్పుకుంటాను. కానీ వదులు న్యూట్రల్, తెగిన కేబుల్, తిరగబడిన మానిటరు, మధ్య బాక్సుల ఆలస్యం వాతావరణంతో మారవు. ఇవి సర్దుకుని ఉంటేనే తొమ్మిదింటికి మిక్సర్ దగ్గర మనిషి రెండు చేతులూ పాట మీద పెట్టగలడు. లేకపోతే మొదటి మూడు పాటలూ "ఏడో నంబరు ఎందుకు రావట్లేదు" అని వెతకడంతోనే సరి.

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు నేర్పిన ఊరు. మైకు లేని ఫిడేలును వెనక వరస నుంచి విన్న చెవులు ఈ ఊళ్లోవే. అక్కడ కూడా బ్యాండు బేరంలో మొదటి ప్రశ్న బాక్సులదే కావడం నాకు మింగుడుపడదు.

చుట్టడం

ప్రోగ్రాం అయ్యాక సామాను ఎత్తడంలోనూ ఇదే తొందర. యాంపులు మొదట ఆపాలి, మిక్సరు చివర. ఉల్టా చేస్తే వచ్చే "ధబ్" శబ్దానికి ట్వీటర్లు, అంటే పైస్వరాల చిన్న స్పీకర్లు, పోతాయి. సాయం చేద్దామని వచ్చిన ఊరి కుర్రాళ్లు మైకు కేబుల్‌ని మోచేతికి వేసి తాడులా చుడతారు. ప్రతి చుట్టుకీ ఒక మెలి లోపల పడుతుంది, నాలుగైదు ఊళ్లకు లోపలి తీగల చుట్టూ ఉండే జాలీ, షీల్డు, తెగుతుంది. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు మణికట్టు తిప్పి లోపలి నుంచి వేస్తే మెలిక మెలికకు సరిపోయి, విసిరినప్పుడు తిన్నగా పరుచుకుంటుంది. నేర్పడానికి ఐదు నిమిషాలు. సంక్రాంతి రోజుల్లో అర్ధరాత్రికి మంచు పడి కేబుళ్లు తడుస్తాయి. తడిగానే చుట్టి పెట్టెలో వేస్తే పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది, సముద్రం పక్క ఊళ్లలో ఇంకా తొందరగా. పాత బట్టతో తుడుస్తూ చుట్టాలి, మర్నాడు ఎండలో మూతులు తెరిచి పెట్టాలి.

ఇంతకీ ఆ కమిటీ పెద్దాయన అగ్రిమెంటులో రాయించుకోవాల్సింది రెండు వాక్యాలు. స్టేజీ నాలుగింటికి జనరేటర్‌తో సహా ఖాళీగా ఇవ్వాలి. ఆరున్నర దాకా ఆ మైకులో ఎవరూ మాట్లాడకూడదు. మరి చందాదారుల పేర్లెలా అంటారా? గుడి దగ్గర విడిగా ఒక చిన్న యాంప్లిఫయర్, వేపచెట్టుకు రెండు హారన్లు కట్టించండి. నలభైలో రెండు బాక్సులు తగ్గిస్తే దాని అద్దె వచ్చేస్తుంది. పేర్లు సాయంత్రమంతా చదువుకోవచ్చు, ఒక్కోటి రెండుసార్లు.